డీబగ్ పిన్నుల్ని వేరే పనులకు వాడుకోవచ్చా? బోర్డు డిజైన్ చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బోర్డు చిన్నది, చిప్ చిన్నది, పెట్టాల్సినవి మాత్రం చాలా ఉంటాయి. స్కీమాటిక్ చివరికి వచ్చేసరికి ఇంకా రెండు సిగ్నళ్లు మిగులుతాయి. ఖాళీగా కనబడే పిన్నులు కూడా రెండే, అవి డీబగ్ పిన్నులు, అంటే చిప్‌లోకి కోడ్ ఎక్కించడానికి, అది నడుస్తుండగా లోపల చూడటానికి వాడేవి. అక్కడ చెయ్యి ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ కుటుంబం నుంచి తీసుకున్నాను, ఎందుకంటే నేను ఎక్కువ బోర్డులు వేసింది దాంతోనే. మిగతా చిప్‌ల సంగతి చివర్లో ఉంది.

డీబగ్ పిన్నులంటే ఏవేవి?

ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ చిప్‌లలో రెండు పద్ధతులున్నాయి. పాతది జేట్యాగ్: టీఎంఎస్, టీసీకే, టీడీఐ, టీడీఓ అని నాలుగు లైన్లు, కావాలంటే ఐదోది ఎన్‌టీఆర్‌ఎస్‌టీ. రెండోది ఎస్‌డబ్ల్యూడీ (సీరియల్ వైర్ డీబగ్). దీనికి ఒక డేటా లైన్, ఒక క్లాక్ లైన్ చాలు. ప్రింట్ సందేశాలు బయటికి రావాలంటే ఎస్‌డబ్ల్యూఓ అని ఇంకో లైన్ కలుపుకుంటారు.

ఎస్‌టీఎం32ఎఫ్103లో ఇవి ఇలా ఉంటాయి: పీఏ13 డేటా, పీఏ14 క్లాక్, పీఏ15 టీడీఐ, పీబీ3 టీడీఓ (ఎస్‌డబ్ల్యూఓ కూడా ఇదే), పీబీ4 ఎన్‌టీఆర్‌ఎస్‌టీ. రీసెట్ నుంచి బయటికి రాగానే ఈ ఐదూ డీబగ్ పనికే కట్టుబడి ఉంటాయి. వాటిని మామూలు పిన్నులుగా మార్చాల్సింది మీ ఫర్మ్‌వేర్.

ఐదింట్లో ముందు ఏవి వాడుకోవాలి?

పీఏ15, పీబీ3, పీబీ4. మీరు ఎస్‌డబ్ల్యూడీతో పనిచేస్తుంటే ఈ మూడూ ఖాళీయే. జేట్యాగ్ ఆపేసి ఎస్‌డబ్ల్యూడీ ఉంచమని చిప్‌కి చెబితే మూడు పిన్నులు చేతికొస్తాయి, డీబగ్గర్‌కి ఏ లోటూ రాదు. పీబీ3ని మాత్రం చివరికి ఉంచండి. ఎస్‌డబ్ల్యూఓ మీద వచ్చే సందేశాల విలువ అర్ధరాత్రి ఒక బగ్ వెంట పడ్డప్పుడే తెలుస్తుంది.

పీఏ13, పీఏ14లను ముట్టుకోవాల్సిన పరిస్థితి వస్తే ముందు ఒక మాట ఆలోచించండి. ఇదే కుటుంబంలో ఇంకాస్త ఎక్కువ పిన్నులున్న ప్యాకేజీ దొరుకుతుందా? 20 పిన్నుల చిప్ నుంచి 32 పిన్నులకు మారితే అయ్యే ఖర్చు చాలాసార్లు ఒక్క రోజు తలనొప్పి కన్నా తక్కువ. బోర్డు మీద చోటు లేకపోతేనో, వేల సంఖ్యలో తయారుచేస్తుంటేనో లెక్క మారుతుంది. ఎనిమిది పిన్నుల ఎస్‌టీఎం32జీ031 లాంటిది తీసుకుంటే పవర్‌కి రెండు, డీబగ్‌కి రెండు, రీసెట్‌కి ఒకటి పోతాయి. అక్కడ పంచుకోక తప్పదు.

రీసెట్‌లో ఆ పిన్నులు ఏ స్థితిలో ఉంటాయి? అది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు పిన్ను రీసెట్‌లో గాల్లో తేలుతుంది, డీబగ్ పిన్ను అలా కాదు. పీఏ13, పీఏ15, పీబీ4లకు లోపల పుల్ అప్ (లైన్‌ని సప్లై వైపు లాగే రెసిస్టర్) ఉంటుంది, పీఏ14కి పుల్ డౌన్ (గ్రౌండ్ వైపు లాగేది). వాటి విలువ 40 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది (30 నుంచి 50 దాకా).

నేను ఒకసారి పీఏ15 మీద మాస్‌ఫెట్ పెట్టి, దాంతో రిలే నడిపాను. గేట్‌కి పుల్ డౌన్ పెట్టలేదు. ఫర్మ్‌వేర్ ముందు ఎల్‌సీడీని సిద్ధం చేసి, ఆ తర్వాతే పిన్నుల దగ్గరికి వచ్చేది. అంటే సుమారు అర సెకను ఆలస్యం. పవర్ ఇచ్చిన ప్రతిసారీ రిలే టక్కుమని పడేది, అర సెకను తర్వాత వదిలేది. ఇంకా భయపెట్టిన సంగతి వేరే ఉంది. కోడ్ ఇంకా డంప్ చేయని (ఎక్కించని) కొత్త బోర్డులో ఆ అర సెకను కూడా లేదు. చిప్ ఖాళీ కాబట్టి పిన్ను రీసెట్ స్థితిలోనే ఉండిపోయింది, రిలే అలాగే పట్టుకుని ఉంది. దాని అవతల మోటారు తగిలించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

గేట్‌కి 10 కిలో ఓమ్‌ల పుల్ డౌన్ పెడితే చాలదా అని అడుగుతారు. లెక్క వేద్దాం. పైన 40, కింద 10 ఉంటే గేట్ దగ్గర 3.3 × 10 ÷ 50, అంటే 0.66 వోల్టులు. ఏఓ3400ఏ లాంటి తక్కువ వోల్టేజి మాస్‌ఫెట్‌ల త్రెషోల్డ్ (అవి ఆన్ కావడం మొదలయ్యే వోల్టేజి) 0.65 దగ్గరే మొదలవుతుంది, అది అంచు మీద నడవడమే. 4.7 కిలో ఓమ్‌లు పెడితే 0.35 వోల్టుల దగ్గర ఆగుతుంది, నిశ్చింతగా ఉండొచ్చు.

ఏ పరికరాల్ని ఈ పిన్నుల మీద పెట్టొచ్చు? ఏవి కూడదు?

ప్రతి పరికరానికీ మూడు సందర్భాల్లో ఒకే ప్రశ్న వేసుకోండి: చిప్ రీసెట్‌లో ఉన్నప్పుడు, డీబగ్గర్ మాట్లాడుతున్నప్పుడు, మామూలుగా నడుస్తున్నప్పుడు ఈ లైన్‌ని ఎవరు లాగుతున్నారు? ఏ సందర్భంలోనైనా ఇద్దరు లాగుతున్నారంటే అక్కడ గొడవ ఉంది.

చిప్ నుంచి బయటికి పోయే సిగ్నళ్లు తేలిక. సూచన ఎల్ఈడీ, లోపలికి తీసుకోవడమే తప్ప తను లాగని లాజిక్ ఇన్‌పుట్, ఒక డిస్‌ప్లే డేటా పిన్ను లాంటివి డీబగ్గర్‌కి అడ్డురావు. డీబగ్ జరుగుతున్నంతసేపూ వాటికి చెత్త సిగ్నళ్లు వెళతాయి, అంతే.

ఆ చెత్త సిగ్నళ్ల మీదే రెండో ప్రశ్న. ఎస్‌డబ్ల్యూడీ క్లాక్ సెకనుకు లక్షల సార్లు కొట్టుకుంటుంది. దాని అవతల ఎల్ఈడీ ఉంటే మిణుకుమంటుంది, ఫర్వాలేదు. అదే హీటర్, మోటారు డ్రైవర్, సోలెనాయిడ్ వాల్వ్, హెచ్-బ్రిడ్జి ఉంటే? కదిలేది, వేడెక్కేది, మనిషికి తగిలేది ఏదైనా సరే డీబగ్ పిన్ను మీద పెట్టకండి. ఈ విషయంలో నాకు మినహాయింపులు లేవు. రెసిస్టర్లు, ఫిల్టర్లు పెట్టి తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే, ఆ పనిని వేరే పిన్నుకి మార్చి ఒక బటన్‌ని ఇటు తెమ్మని చెప్పండి.

చిప్ లోపలికి వచ్చే సిగ్నళ్లు కష్టం. సెన్సర్ అవుట్‌పుట్, జీపీఎస్ మాడ్యూల్ టీఎక్స్, ఆర్ఎస్-485 ట్రాన్స్‌సీవర్ రిసీవ్ పిన్ను లాంటివి ఎప్పుడూ లైన్‌ని గట్టిగా పట్టుకునే ఉంటాయి. డీబగ్గర్ 0 అంటే ఇది 1 అంటుంది. రెండూ పుష్-పుల్ (పైకీ కిందికీ గట్టిగా లాగే) అవుట్‌పుట్‌లైతే మధ్యలో పదుల మిల్లీఆంపియర్లు పారతాయి, లైన్ మీద వోల్టేజి అటూ ఇటూ కాకుండా ఆగుతుంది. అప్పుడు ప్రోబ్ (డీబగ్గర్ పరికరం) చిప్ కనబడలేదంటుంది. మనం కేబుల్ మారుస్తాం, డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం, తప్పు మాత్రం స్కీమాటిక్‌లో ఉంటుంది.

రెసిస్టర్ ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి?

పైన చెప్పిన గొడవలో డీబగ్గర్ గెలవడానికే ఈ రెసిస్టర్. చోటు ముందు, విలువ తర్వాత. డీబగ్ కనెక్టర్‌కి, చిప్‌కి మధ్య దారి నేరుగా ఉండాలి. రెసిస్టర్ రావాల్సింది అవతలి పరికరం వైపు కొమ్మలో. చిప్ పిన్ను నుంచి ట్రేస్ బయల్దేరి కనెక్టర్‌కి చేరాలి, అక్కడి నుంచి రెసిస్టర్ మీదుగా పరికరానికి పోవాలి. ఇది తలకిందులుగా వేసిన బోర్డులు చూశాను. వాటిలో పరికరానికి రాజమార్గం, డీబగ్గర్‌కి సందు మిగిలాయి.

విలువ 1 నుంచి 4.7 కిలో ఓమ్‌ల మధ్య తీసుకోండి. సెన్సర్ 3.3 వోల్టులు పట్టుకుని ఉండగా డీబగ్గర్ లైన్‌ని 0కి లాగిందనుకోండి. 1 కిలో ఓమ్ మీద 3.3 మిల్లీఆంపియర్లు పారతాయి, ఏ ప్రోబ్ అయినా దీన్ని గెలుస్తుంది. 4.7 పెడితే 0.7 మాత్రమే.

మరి మామూలుగా నడిచేటప్పుడు ఈ రెసిస్టర్ సిగ్నల్‌ని నెమ్మదింపజేయదా? చేస్తుంది. పిన్ను, ట్రేస్ కలిపి 20 పికోఫారడ్లు అనుకుంటే 4.7 కిలో ఓమ్‌లతో టైమ్ కాన్‌స్టంట్ 94 నానోసెకన్లు. 115200 వేగంతో నడిచే యూఆర్ట్‌లో ఒక బిట్ 8.7 మైక్రోసెకన్లు ఉంటుంది కాబట్టి దానికిది లెక్కలోకి రాదు. 10 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐకి మాత్రం సగం క్లాక్ 50 నానోసెకన్లే. అక్కడ 1 కిలో ఓమ్ కూడా ఇబ్బందే.

కెపాసిటర్ సంగతి వేరే చెప్పాలి. డీబగ్ లైన్ మీద నేరుగా 100 నానోఫారడ్ల కెపాసిటర్ పెట్టకండి. ప్రోబ్ అవుట్‌పుట్ 50 ఓమ్‌లనుకున్నా టైమ్ కాన్‌స్టంట్ 5 మైక్రోసెకన్లు అవుతుంది. 1 మెగాహెర్ట్జ్ ఎస్‌డబ్ల్యూడీలో పూర్తి క్లాకే 1 మైక్రోసెకను. కెపాసిటర్ తప్పనిసరైతే దాన్ని రెసిస్టర్‌కి అవతల ఉంచండి.

ఎల్ఈడీ పెడదామనుకుంటున్నాను. ఎటు తిప్పి పెట్టాలి?

ఎస్‌టీఎం32లో డేటా లైన్‌కి లోపల పుల్ అప్ ఉంది కాబట్టి పీఏ13 ఎల్ఈడీని సప్లై వైపు పెట్టి, 0 ఇచ్చినప్పుడు వెలిగేలా చేయండి. క్లాక్ లైన్‌కి పుల్ డౌన్ ఉంది కాబట్టి పీఏ14 ఎల్ఈడీని గ్రౌండ్ వైపు పెట్టండి. అలా ఉంటే రెండూ రీసెట్‌లో ఆరిపోయి ఉంటాయి, లైన్లు కూడా చిప్ కోరుకున్న స్థితిలోనే నిలుస్తాయి. పీఏ13 ఎల్ఈడీని గ్రౌండ్‌కి పెడితే ఎవరూ లాగనప్పుడు లైన్ 1.6 వోల్టుల దగ్గర వేలాడుతుంది, ఎందుకంటే 40 కిలో ఓమ్‌ల పుల్ అప్ ఎల్ఈడీ మీద గెలవలేదు. మామూలు సీమాస్ ఇన్‌పుట్ 1గా తప్పకుండా గుర్తించాలంటే సప్లైలో 70 శాతం, అంటే 2.3 వోల్టులు కావాలి.

బటన్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టడానికి మంచి వస్తువు కూడా. 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా గ్రౌండ్‌కి పెట్టండి. నొక్కి ఉన్నా డీబగ్గర్ పని సాగుతుంది. డీబౌన్స్ కెపాసిటర్ కావాలంటే బటన్ పక్కనే, రెసిస్టర్ వెనకాల.

ఐ2సీ లైన్లు కూడా రెండే కదా, సరిగ్గా సరిపోతాయి కదా?

సరిపోయినట్టే కనిపిస్తుంది. క్లాక్, డేటా, పుల్ అప్‌లు అన్నీ ఉన్నాయి. కానీ ఈ జంటను నేను పెట్టను. ఐ2సీలో క్లాక్ పైన ఉండగా డేటా మారితే అది స్టార్ట్ లేదా స్టాప్ అని అర్థం. ఎస్‌డబ్ల్యూడీలో చిప్ జవాబిచ్చేటప్పుడు క్లాక్ పైకి లేచాకే డేటా మారుస్తుంది. అంటే ప్రతి డీబగ్ సంభాషణా ఐ2సీ పరికరానికి స్టార్ట్‌ల వర్షంలా కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి తన అడ్రస్ లాంటిది కనబడితే అది ఏసీకే (అందిందన్న జవాబు) ఇస్తూ డేటా లైన్‌ని కిందికి లాగుతుంది, డీబగ్ సెషన్ తెగిపోతుంది. అవతల ఈఈప్రామ్ ఉంటే అందులో ఏం రాసుకుందో ఎవరికీ తెలియదు. తప్పదంటే ఒక్క లైన్ మాత్రమే పంచుకోండి, రెండోది వేరే పిన్నుకి ఇవ్వండి.

ఫర్మ్‌వేర్‌లో ఏం జాగ్రత్త పడాలి?

ఒకటి చాలా తేలికది, ప్రాణాలు నిలబెట్టేది: బూట్ అయిన వెంటనే డీబగ్ పిన్నుల్ని మార్చకండి. ఒకటో రెండో సెకన్లు ఆగి మార్చండి. ఆ కిటికీలో ప్రోబ్ చిప్‌ని పట్టుకుని ఆపగలదు. వినియోగదారుకు రెండు సెకన్లు కూడా బరువైతే, బటన్ నొక్కి పవర్ ఇస్తే మార్పు చేయకుండా ఉండేలా రాయండి.

ఎఫ్1 కుటుంబంలో ఈ మార్పు ఏఎఫ్ఐఓ మ్యాప్ రిజిస్టర్‌లో మూడు బిట్లతో జరుగుతుంది. 010 రాస్తే జేట్యాగ్ పోయి ఎస్‌డబ్ల్యూడీ ఉంటుంది, 100 రాస్తే రెండూ పోతాయి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఆ మూడు బిట్లు రాయడానికే, చదవడానికి కావు. వేరే పరికరం పిన్నుల్ని మార్చాలని అదే రిజిస్టర్‌ని చదివి, ఒక బిట్ కలిపి తిరిగి రాస్తే డీబగ్ బిట్లలోకి మీరు అనుకోని విలువ పోవచ్చు. ప్రతిసారీ వాటిని మీరే స్పష్టంగా నింపి రాయండి.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇంకో మాట. ఎస్‌టీఎం32కి మొదటి కోడ్ తయారుచేసిపెట్టే క్యూబ్‌ఎంఎక్స్‌లో ఎఫ్103 ప్రాజెక్టు తెరిచి, డీబగ్ దగ్గర సీరియల్ వైర్ ఎంచుకోవడం మర్చిపోతే, అది తయారుచేసిన కోడ్ డీబగ్‌ని పూర్తిగా మూసేసేది. ఎఫ్103 ఉన్న బ్లూ పిల్ బోర్డు మొదటిసారి బాగా డంప్ అయి, రెండోసారి కనబడకపోతే సాధారణంగా కారణం ఇదే. చిప్ బాగానే ఉంటుంది.

అలా మూసుకుపోయిన చిప్‌ని తెరవడం ఎలా?

మొదటి దారి, రీసెట్ పట్టుకుని కనెక్ట్ కావడం. ప్రోబ్ రీసెట్ లైన్‌ని కిందికి లాగి ఉంచుతుంది, ఫర్మ్‌వేర్ నడవదు కాబట్టి పిన్నులు ఇంకా డీబగ్‌వే, అప్పుడు లోపలికి వెళ్లి కోర్‌ని ఆపేస్తుంది. దీనికి కనెక్టర్ మీద రీసెట్ లైన్ ఉండాలి. డీబగ్ పిన్నులు పంచుకునే ప్రతి బోర్డులో కనెక్టర్ మీద రీసెట్ పెట్టండి. చోటు లేదని దాన్ని తీసేయడం, ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే వదిలి వచ్చినట్టు ఉంటుంది.

రెండో దారి బూట్0. ఆ పిన్నుని 1కి కట్టి పవర్ ఇస్తే చిప్ తన సొంత బూట్‌లోడర్‌లోకి పోతుంది. మీ కోడ్ నడవదు, డీబగ్ బతికే ఉంటుంది, చెరిపేయొచ్చు. అందుకే బూట్0ని నేరుగా గ్రౌండ్‌కి అతికించకుండా 10 కిలో ఓమ్‌లతో కిందికి లాగి, పక్కన ఒక టెస్ట్ ప్యాడ్ వదలండి.

జీ0 కుటుంబంలో జాగ్రత్త. అక్కడ బూట్0, పీఏ14 ఒకే పిన్ను. ఆప్షన్ బైట్లు (చిప్‌లో దాచే సెట్టింగులు) బూట్0 పిన్నుని చూడమని ఉంటే, పీఏ14 మీద మీరు పెట్టిన పరికరం పవర్ వచ్చే సమయానికి లైన్‌ని పైకి లాగిందంటే చిప్ మీ కోడ్‌కి బదులు బూట్‌లోడర్‌లోకి పోతుంది. ఫీల్డ్‌లో అప్పుడప్పుడూ స్టార్ట్ కాని బోర్డులు వస్తే ముందు ఇది చూడండి.

వేరే చిప్‌లలో సంగతేమిటి?

ఏవీఆర్: కాలేజీ ల్యాబుల్లో ఏటీమెగా32తో ఎల్‌సీడీని పోర్ట్ సీ మీద పెట్టి, పిచ్చి అక్షరాలు చూసి తలపట్టుకున్నవాళ్లు ఎందరో. పీసీ2 నుంచి పీసీ5 వరకు జేట్యాగ్ పిన్నులు, కొత్త చిప్‌లో జేట్యాగ్ ఫ్యూజ్ (ప్రోగ్రామర్‌తో మార్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటుంది. ఫ్యూజ్ మార్చండి, లేదా జేటీడీ బిట్‌ని నాలుగు క్లాక్‌లలోపు రెండుసార్లు రాయండి. ఐఎస్‌పీ (కోడ్ ఎక్కించే) పిన్నుల్ని ఎస్‌పీఐ పరికరంతో పంచుకుంటే ఆ పరికరం చిప్ సెలెక్ట్‌కి 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ తప్పనిసరి. ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు చిప్ రీసెట్‌లో ఉంటుంది, సెలెక్ట్ లైన్ గాల్లో తేలుతుంది, పరికరం తననే పిలిచారనుకుని మీసో (పరికరం నుంచి వచ్చే డేటా) లైన్‌ని లాగుతుంది. ఏటీటైనీ85లో రీసెట్‌ని మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజ్ పెడితే, తర్వాత 12 వోల్టుల ప్రోగ్రామర్ ఉంటేనే వెనక్కి రాగలరు.

ఏటీమెగా328పీలో డీబగ్‌వైర్ అనే ఒంటి తీగ డీబగ్ రీసెట్ లైన్ మీదే నడుస్తుంది. ఆర్డుఇనో ఊనోలో ఆటో రీసెట్ కోసం పెట్టిన 100 నానోఫారడ్ల కెపాసిటర్ దానికి అడ్డు. అందుకోసమే బోర్డు మీద రీసెట్-ఈఎన్ అని కోసుకోగల ట్రేస్ ఉంది.

పిక్: క్లాక్, డేటా లైన్ల మీద కెపాసిటర్లు వద్దు. ఎంసీఎల్ఆర్ (రీసెట్ పిన్ను) మీదికి చాలా పిక్‌లలో 9 నుంచి 13 వోల్టుల ప్రోగ్రామింగ్ వోల్టేజి వస్తుంది. ఆ లైన్‌కి 3.3 వోల్టుల పరికరాన్ని తగిలిస్తే అది పోతుంది. ఆ పిన్నుకి, సప్లైకి మధ్య రెసిస్టర్, డయోడ్ పెట్టి విడదీయండి.

ఈఎస్‌పీ32: జేట్యాగ్ 12, 13, 14, 15 పిన్నుల మీద ఉంది. ఎస్‌డీ కార్డు కూడా వాటినే వాడుతుంది. అందుకే కెమెరా బోర్డు మీద ఎస్‌డీ కార్డు, జేట్యాగ్ ఒకేసారి కుదరవు. పైగా పిన్ను 12 బూట్ సమయంలో ఫ్లాష్ వోల్టేజిని నిర్ణయిస్తుంది. అది పైన ఉంటే 1.8 వోల్టులు ఎంచుకుంటుంది, 3.3 వోల్టుల ఫ్లాష్ ఉన్న మాడ్యూల్ బూట్ కాదు. కొత్తగా మొదలుపెడుతుంటే సీ3 లేదా ఎస్3 తీసుకోండి, యూఎస్‌బీ లైన్ల మీదే జేట్యాగ్ వస్తుంది.

ఎంఎస్‌పీ430: రెండు తీగల డీబగ్‌లో రీసెట్ పిన్నే డేటా లైన్. జీ2 కుటుంబంలో దాని మీద 2.2 నానోఫారడ్లకు మించి కెపాసిటర్ పెట్టకండి. అలవాటుగా 100 పెడితే ప్రోబ్ కనెక్ట్ కాదు.

సీహెచ్32వీ003: ఎనిమిది పిన్నుల రకంలో ఒంటి తీగ డీబగ్ లైన్ పీడీ1, యూఆర్ట్ టీఎక్స్ పీడీ5 లోపలే ఎనిమిదో పిన్నుకి కలిసి ఉన్నాయి. యూఆర్ట్ మొదలవగానే డీబగ్ మూగబోతుంది. దాని ప్రోబ్ డబ్ల్యూసీహెచ్-లింక్ఈ పవర్ తీసి ఇచ్చి ఆ క్షణంలో పట్టుకుని చెరిపేస్తుంది. కాబట్టి బోర్డు పవర్ ప్రోబ్ చేతిలో ఉండేలా చూసుకోండి.

అనలాగ్ స్విచ్ లేదా జంపర్ పెడితే ఈ గొడవలన్నీ పోవా?

పోతాయి, ధర చెల్లించి. 74ఎల్‌వీసీ1జీ3157 లాంటి రెండు దారుల స్విచ్ ఒక్కో లైన్‌కి ఒకటి పెడితే పరికరం పూర్తిగా విడిపోతుంది. వేగవంతమైన ఎస్‌పీఐ లాంటి చోట, రెసిస్టర్ పనికిరాని చోట, ఇదే సరైన జవాబు. స్విచ్‌ని నడిపే సంకేతం మాత్రం ఫర్మ్‌వేర్ నుంచి కాకుండా డీబగ్ కనెక్టర్ నుంచి రావాలి. పది పిన్నుల కార్టెక్స్ కనెక్టర్‌లో తొమ్మిదో పిన్ను గ్రౌండ్ డిటెక్ట్. దాన్ని బోర్డు మీద పుల్ అప్‌తో ఉంచితే, ఆ పిన్నుని గ్రౌండ్‌కి కలిపే కేబుల్ గుచ్చగానే కిందికి పోతుంది, స్విచ్ దానంతట అదే తిరుగుతుంది. మీ ప్రోబ్ అలా కలుపుతుందో లేదో మీటర్‌తో ఒకసారి చూసుకోండి.

ప్రోటోటైప్‌లో 0 ఓమ్ రెసిస్టర్ చాలు. డీబగ్ అవసరమైతే పీకేస్తారు, అయ్యాక అతికిస్తారు. ఉత్పత్తికి మాత్రం ఇది వద్దు, ఫ్యాక్టరీలో ప్రతి బోర్డుకీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఉత్పత్తి అయ్యాక డీబగ్ ఎలాగూ మూసేస్తాం కదా, అప్పటికి పంచుకోవడం సమస్య కాదు కదా?

ఎస్‌టీఎం32లో రీడ్ ప్రొటెక్షన్ (కోడ్‌ని బయటికి చదవకుండా ఆపే తాళం) లెవెల్ 1 పెడితే వెనక్కి రావచ్చు, ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. లెవెల్ 2 పెడితే చాలా కుటుంబాల్లో డీబగ్ శాశ్వతంగా పోతుంది. కానీ దానికి ముందు ఫ్యాక్టరీలో కోడ్ డంప్ కావాలి, టెస్ట్ కావాలి. ఆ సమయంలో బోర్డు మీద పరికరాలన్నీ అతికించే ఉంటాయి, సెన్సర్లు మాట్లాడుతూనే ఉంటాయి. బల్ల మీద ఒక బోర్డుకి నడిచిన పంపకం వెయ్యి బోర్డులకీ నడుస్తుందో లేదో అక్కడే తేలుతుంది. అందుకని తొలి ప్రోటోటైప్‌ని పరికరాలన్నీ అతికించాకే, ఖాళీ చిప్‌తో, మీ ఫ్యాక్టరీ వాడే వేగంతోనే డంప్ చేసి చూడండి. తర్వాత డీబగ్‌ని మూసే ఫర్మ్‌వేర్ ఎక్కించి, తిరిగి తెరవగలరో లేదో కూడా అదే రోజు చూడండి.

అసలు పంచుకోవాల్సిన పనే లేని చిప్‌లు ఉన్నాయా?

ఉన్నాయి. ఆర్‌పీ2040లో ఎస్‌డబ్ల్యూడీకి రెండు ప్రత్యేక పిన్నులున్నాయి, ఎన్ఆర్ఎఫ్52832లో కూడా అంతే. వాటిని వేరే పనికి మార్చాలన్నా కుదరదు.